నోట్లో ఆపుకున్న ఆమెన్

మా సంఘంలో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పకూడదు, పాపం. కానీ తల మీద కొంగు కప్పుకొని, కళ్ళు మూసుకొని, "ప్రభువా" అని మొదలుపెడితే అదే చాడీ ప్రార్థన అయిపోతుంది. ఫలానా ఇంటి కోడలు అత్తకు గంజి కూడా పోయదని వీధిలో అంటే కొట్లాట. "ఆ బిడ్డకు పెద్దలను ఆదరించే మనసు దయచేయి ప్రభువా" అని మందిరంలో అంటే అందరూ ఆమెన్ అంటారు. మధ్యలో అడ్డం పడటానికి లేదు. మోకరించి ప్రార్థించే మనిషిని ఆపడం ఇంకా పెద్ద పాపం. పైగా మా ఊరి మందిరంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం ప్రార్థన చేశారో ఆ మనిషి కూడా చివర్లో ఆమెన్ అనాలి. అప్పుడే ప్రార్థన చేసినవాళ్ళు మోకాళ్ళ మీద నుంచి లేస్తారు. అంటే తిట్లు తిన్న మనిషే ఆ తిట్ల కింద వేలిముద్ర వేయాలన్నమాట.

మా వదిన ఈ విద్యలో ఆరితేరిన మనిషి. వదిన అంటే మా ఆయనకు అక్క. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ని చంకనేసుకొని పెంచింది. పెళ్ళయి వేంపల్లెకు పోయినా మా ఇంట్లో ఆమె మాటే మాట. ఆమె మోకరించిందంటే అయ్యగారు, అంటే మా పాస్టరు, గోడ గడియారం వైపు చూసేవారు. జబ్బులో నన్ను సాకింది ఆమె. నన్ను చంపబోయిందీ ఆమే. సాకిన సంగతి ఆమె రెండు జిల్లాల్లోనూ చెప్పుకుంది కాబట్టి నేను మళ్ళీ చెప్పే పని లేదు. నేను చెప్పేది రెండో సంగతి.

మాది కోడుమూరు పక్కన ఊరు. కొంచెం మెట్ట చేను, దాని మీదే బతుకు. ఆ ఏడు వేరుశనగ పెరికే కాలంలో నా మెడ పక్కన ఒక గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. నొప్పి లేని గడ్డకే భయపడాలని తర్వాత తెలిసింది. కర్నూలు ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపి, గ్రంథుల క్యాన్సర్ అన్నారు. మూడు వారాలకొకసారి వచ్చి నరంలోకి మందు ఎక్కించుకోవాలి, కోర్సులన్నీ వరసగా, ఆపకుండా జరిగితే బాగయ్యే జబ్బే, భయపడవద్దు అన్నారు. ఆ "ఆపకుండా" అన్న మాటను నేను కొంగున ముడి వేసుకున్నాను. నాకు బతకాలని ఉండింది. అందులో సిగ్గేముంది?

మా ఆడపిల్లలిద్దరూ పురుళ్ళతో, చంటిబిడ్డలతో ఉన్నారు. కబురు అందగానే వదిన సంచి భుజాన వేసుకొని, అప్పటికే నొప్పులున్న మోకాళ్ళతో కుంటుకుంటూ బస్సు దిగింది. వచ్చీ రాగానే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది.

మందు ఎక్కించిన రోజు నుంచి ఐదు రోజుల పాటు పొద్దున్నే గుప్పెడు తెల్ల మాత్రలు మింగాలి. మందుల కిటికీ దగ్గర కూర్చున్న మనిషి వాటిని కవర్లో వేస్తూ "ఇవి స్టెరాయిడ్, టిఫిన్ తిన్నాకే వేసుకోవాల" అన్నాడు. అవి దేనికప్పా అని వదిన అడిగింది. ఆయన మా వెనక ఉన్న వరుసను చూశాడు. "బలానికమ్మా" అని కవరు చేతికిచ్చేశాడు. ఆ ఒక్క ముక్కతో నా కొంప ముంచాడు మహానుభావుడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు బలం మాత్రలు.

ఆ ఐదు రోజులు వచ్చే ఆకలి మామూలు ఆకలి కాదు. తిని చేయి కడుక్కున్నాక కూడా కడుపు ఇంకా కావాలంటుంది. నిద్ర పట్టదు. జుట్టు రాలింది గానీ ముఖం మాత్రం గుండ్రంగా నిండింది. క్యాన్సర్ మనిషిని చూడ్డానికి వచ్చే ఆడవాళ్ళు ఎముకల గూడును చూద్దామని వస్తారు. నన్ను చూసి వాళ్ళకు నిరాశ కలిగింది. ముఖం పూరీ మాదిరి పొంగిందే అని ఒకామె గడప దాటకుండానే అనేసింది. జబ్బు మనిషి జబ్బు మనిషి మాదిరి ఉండకపోతే లోకం ఊరుకోదు.

రెండో కోర్సుకు పొద్దున్నే మాత్రలు మింగి పోయినప్పుడు రక్తం పరీక్షలో షుగర్ బాగా ఎక్కువ ఉందన్నారు. నా జన్మలో నాకు షుగర్ లేదు. అక్కడున్న చిన్న డాక్టరు కాగితం నుంచి తల ఎత్తకుండానే ఏం తింటున్నావమ్మా అని అడిగాడు. తిండి జాగ్రత్తగా చూసుకోకపోతే, షుగర్ ఇట్లే ఉంటే వచ్చే కోర్సు వాయిదా వేయాల్సి వస్తుందన్నాడు. కొంగున ముడి వేసుకున్న ఆ మాట గుర్తొచ్చి నాకు భయమేసింది. పక్కనే ఉన్న వదిన మాత్రం నడుము బిగించింది. బస్టాండుకు పోయే దారిలోనే వేలికి పొడిచి షుగర్ చూసే మిషను కొనింది.

పొద్దున పరగడుపున పొడిస్తే అంకె బాగానే ఉండేది. మధ్యాహ్నం తిన్నాక పొడిస్తే ఎక్కడికో పోయేది. ప్రతి కోర్సుకూ అంతే. పొద్దున మంచిది, పగలు చెడ్డది. వదిన దీని గురించి బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది.

"రాత్రంతా నా కండ్ల ముందర పండుకోనుంటావు, అందుకే పొద్దున బాగుంటాది. పగలు నేను చేనుకో, నీళ్ళకో పోతానే, అప్పుడు తింటాండావు. యాడ దాస్తాండావో అది చెప్పు మే."

నేనేమీ తినలేదు వదినా అన్నాను. ఆమె తర్కం ఎంత బాగుందంటే, నేను నేను కాకపోయి ఉంటే నేను కూడా నమ్మేదాన్ని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో మాత్రం వదిన పట్టేసింది. కాకపోతే దొంగతనమే జరగలేదు.

ఇక వైద్యం మొదలైంది. ఇంట్లో అన్నం బందయింది. మూడు పూటలా రాగి సంగటి. సంగటి తినేవాళ్ళ దరిదాపులకు షుగర్ రాదని మా వైపు పెద్ద నమ్మకం. ముద్ద ఎంత ఉండాలో కొలత లేదు, సంగటికి కొలతేమిటి? నా తలకాయంత ముద్ద, పక్కన ఊరుబిండి పచ్చడి. సంగట్లో ఉడికేది సగం బియ్యమే కదా వదినా, వాటికి షుగర్ పెరగదా అని ఒకసారి అడిగాను. "బియ్యం సంగట్లో కలిస్తే సంగటే" అంది. అంత పెద్ద ముద్దలు తింటే అంకె ఇంకా పెరిగింది. పెరిగినకొద్దీ నేను ఇంకా ఎక్కువ దొంగతనం చేస్తున్నానని తేలింది. పప్పుల డబ్బాలు, పాత గుడ్డల పెట్టె, చివరికి నా దిండు గలీబు కూడా వెతికింది.

మాత్రలు అయిపోయిన తర్వాత షుగర్ దానంతట అదే దిగింది. ఆ రోజుల్లోనే వదిన ఉపవాసముండి ప్రార్థన చేసింది కాబట్టి ఆ ఘనత ప్రార్థనకు పోయింది. తర్వాతి కోర్సుకు మళ్ళీ పెరిగింది. ఆ తప్పు మాత్రం నాకే వచ్చింది. ఆమె మొక్కితే తగ్గుతుంది, నేను మింగితే పెరుగుతుంది. దేవుడితో పొత్తు పెట్టుకున్న మనిషితో వాదించి గెలవగలమా?

నాలుగో కోర్సుకు పెద్ద డాక్టరమ్మ నన్ను చూసింది. వదిన వరండాలో ఎవరి బిడ్డ కోసమో ప్రార్థన చేస్తోంది. మా ఆయన మందుల వరుసలో ఉన్నాడు. డాక్టరమ్మ అంకెలన్నీ చూసి, ఇది నువ్వు తిన్నది కాదమ్మా, ఈ మాత్రలది అంది. నేను మళ్ళీ చెప్పమన్నాను. ఆమె విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఇవి బలం మాత్రలు కావు, క్యాన్సర్ మందులో భాగమే, మానకూడదు. వీటితో షుగర్ పెరుగుతుంది, పొద్దున వేసుకుంటారు కాబట్టి మధ్యాహ్నానికీ సాయంత్రానికీ ఎక్కువ కనిపిస్తుంది. మాత్రలు వేసుకునే రోజుల్లో పొద్దున ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మాత్రలు ఆగిన రోజే సూది కూడా ఆపాలి. ఆపకపోతే షుగర్ మరీ పడిపోతుంది, చెమటలు పట్టి, వణుకు వస్తే ఆలోచించకుండా చక్కెరో బెల్లమో నోట్లో వేసుకోవాలి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. ఆ కుర్చీలోనే నాకు ఏడుపొచ్చింది. జబ్బు బాగయిందన్నా అంత సంతోషపడేదాన్ని కానేమో.

బయటికొచ్చి వదినకు మొత్తం చెప్పాను. ఆమె జాలిగా చూసింది.

"డాక్టర్లు అట్లనే అంటారు మే. నీ మొగం చూసి ఓదార్చింది. బలం మాత్రకు షుగర్ ఏంటికి వస్తాది?"

ఇంటికొచ్చాక మా ఆయనకు చెప్పాను. అక్కకు తెలీదా అన్నాడు. నా మొగుడు చెడ్డవాడు కాదు. చేతికొచ్చిన పంట అమ్మేటప్పుడు దళారితో గొంతు చించుకుంటాడు. అక్క ముందర మాత్రం ఆ గొంతు లోపలికి పోతుంది.

మాత్రలు అయిపోయిన మర్నాడు నా ఆకలి చచ్చిపోయింది. ఒళ్ళంతా తడిగుడ్డలా వాలిపోయింది. సంగటి రెండు కబళాలు కూడా మింగుడుపడలేదు. అయినా వదిన సూది పట్టుకొని వచ్చింది. సూది వేయడం ఆసుపత్రిలో నేర్చుకుంది, బాగానే వేస్తుంది, అది ఒప్పుకుంటాను. ఈ రోజు వద్దని డాక్టరమ్మ చెప్పిందని అన్నాను. షుగర్ ఉన్నాక సూది ఒకరోజు వేసుకొని ఒకరోజు మానేదేమిటి, నొప్పికి భయపడి అబద్ధాలు చెబుతున్నావు అంది. నేను గడపలో నిలబడిన మా ఆయన వైపు చూశాను. "ఏపిచ్చుకోమే, అక్క చెప్తాంది గదా" అని చేనుకు వెళ్ళిపోయాడు. నాకు ఒప్పుకోక తప్పలేదు, పెనుగులాడే శక్తి లేదు.

మధ్యాహ్నానికి చెమటలు మొదలయ్యాయి. వేసవి కాదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది, జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణికాయి. గోడ మీది క్యాలెండరు రెండుగా కనిపించింది. ఇదే డాక్టరమ్మ చెప్పినది అని తెలుస్తోంది, నోరు మాత్రం తిరగడం లేదు. వదిన వాకిలి దగ్గర కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది.

"వదినా, కొంచెం బెల్లం ఇయ్యి" అన్నాను.

ఆమె చేయి ఆగింది. ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగును నేను చచ్చేదాకా మరచిపోను. ఇన్నాళ్ళు పట్టుకోవాలనుకున్న దొంగ తనంతట తానే వచ్చి దొరికితే పోలీసుకు వచ్చే వెలుగు అది. ఇప్పుడు బయటపడినావు అంది. నేను మళ్ళీ అడిగాను. ఆమె చింతపండు పక్కన పెట్టింది, బెల్లం తేవడానికి కాదు. మూడోసారి అడిగేసరికి కొంగు తల మీదికి లాక్కొని, అక్కడే మోకరించి, నాలుక అనే సాతాను నుంచి నన్ను విడిపించమని ప్రార్థన మొదలుపెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆమె కళ్ళు మూసుకోవడమే నా ప్రాణం కాపాడింది. లేచి నడవలేను కాబట్టి, చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ ఆమె పక్క నుంచే వంటింట్లోకి పోయాను. బెల్లం డబ్బా ఎక్కడ దాచిందో నాకు తెలుసు, నా వంటిల్లు అది. రుబ్బురోలు వెనక. మూత ఊడదీసి, విరగ్గొట్టే ఓపిక లేక, అచ్చును అట్లాగే కొరికాను. నమలలేక చీకాను. కాసేపటికి గోడ గోడలా, డబ్బా డబ్బాలా కనిపించాయి. వదిన ఆమెన్ అనుకొని కళ్ళు తెరిచి, మంచం ఖాళీగా ఉండటం చూసి వంటింటి గడపలోకి వచ్చింది. నేను నేల మీద ఉన్నాను. గడ్డం మీద బెల్లం కారుతోంది.

ఆదివారం ఆరాధనలో, విజ్ఞాపన ప్రార్థనల వేళ, వదిన మోకరించింది. నేను ఆడవాళ్ళ వైపు చివరన కుర్చీలో, తలకు గుడ్డ కట్టుకొని కూర్చున్నాను. ముందు పంటల కోసం, వానల కోసం చేసింది. తర్వాత ప్రార్థన నా మీదికి వచ్చింది.

"మా మరదలి నోటికి కాపలా పెట్టు ప్రభువా. దొంగతనంగా తింటాంది. నువ్వు ఇస్తాండే ఆయుస్సును నాలుక పాలు చేస్తాంది. ఇది నేను ఒకరు చెప్తే విన్నది కాదు, నా కండ్లతో చూసినా."

మందిరమంతా ఆమెన్ అంది. ఆ గుంపులో మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు నాకు విడిగా వినిపించింది. ముప్పై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి గొంతు ఎంత గుంపులో ఉన్నా తెలుస్తుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. నాకు వదిన ప్రార్థన కంటే మొగుడి ఆమెన్ ఎక్కువ మండింది. తర్వాత అందరూ నా కోసం ఆగారు. పద్ధతి ప్రకారం నేనూ అనాలి, అంటేనే ఆమె లేస్తుంది. ఆమెన్ అన్నాను. నా నోటితో నేనే నన్ను దొంగను చేసుకున్నాను. బయట చెప్పుల దగ్గర ఆడవాళ్ళు చుట్టూ చేరి, నోరు కట్టుకో అక్కా అని బుద్ధులు చెప్పారు.

తర్వాతి కోర్సుకు పోయినప్పుడు డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆమె మా ఆయనను లోపలికి పిలిపించి తలుపు వేసి మాట్లాడింది. ఆ పొద్దు మీ భార్య ఆ బెల్లం తినకపోతే మీరు శవాన్ని మోసుకొనేవారు అంది. ఆ రోజు నుంచి సూది ఆయనే వేశాడు, డాక్టరమ్మ చెప్పినన్ని రోజులే, చెప్పినంతే. కోర్సులేవీ ఆగలేదు. కానీ అక్కతో ఒక్క మాట అనలేదు. మందిరంలో నోరు విప్పలేదు. నిజం తెలిసి కూడా తన ఆమెన్ వెనక్కి తీసుకోలేదు. ఒక రోజు అడిగితే, పెద్దది, పోనీలే, నువ్వు బతికితివి గదా అన్నాడు.

బతికాను. ఆఖరి పరీక్షల్లో గడ్డ ఆనవాళ్ళు లేవన్నారు. మాత్రలతో పాటు షుగరూ పోయింది. వదిన చీర పెట్టించుకొని, సంఘం చేత వందనాలు చెప్పించుకొని వేంపల్లెకు పోయింది. నాకు మాత్రం ఊళ్ళో పేరు మిగిలింది. పెళ్ళి బంతిలో ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డిస్తూ వచ్చిన ఆమె నా విస్తరి దగ్గరికి రాగానే చేయి పైకెత్తి పక్క విస్తరికి పోతుంది. నీకు వద్దు గదక్కా అంటుంది, ప్రేమగానే. ఊరి ప్రేమ అది, కాదనడానికి లేదు. క్రిస్మస్ నాడు అరిసెల పళ్ళెం నా ముందు నుంచి అట్లాగే నడిచిపోతుంది.

అయ్యగారు క్షమాపణ గురించి ప్రసంగించినప్పుడల్లా నేను తల దించుకొని గోళ్ళు చూసుకునేదాన్ని. క్షమించలేదు. క్షమించాలని కూడా అనిపించలేదు. చింతపండు గింజలు తీసేటప్పుడల్లా ఆమె ముఖంలోని ఆ వెలుగు గుర్తొచ్చి, గింజను గోడకేసి కొట్టేదాన్ని. ప్రార్థనలో నేను దేవుడితో సూటిగానే మాట్లాడాను. నేను ఒక్కసారే అడుగుతాను, ఆమెకు చూపించే పని నీది అన్నాను. ఆయన తొందరపడలేదు గానీ మరచిపోలేదు.

రెండేళ్ళ తర్వాత వేంపల్లె నుంచి ఫోన్ వచ్చింది. వదిన ఏడుస్తోంది. మోకాళ్ళ నొప్పులకు అక్కడెవరో మాత్రలు ఇచ్చాడట, నెలల తరబడి వేసుకుంటోందట, మోకాళ్ళు గుర్రం మాదిరి నడిచాయట. ఇప్పుడు ముఖం పొంగింది, ఆకలి ఆగడం లేదు, షుగర్ విపరీతంగా ఉంది. కోడలు బియ్యం డబ్బాకు, బెల్లానికి తాళం వేసింది. ముసలామె దాచుకొని తింటోందని వాళ్ళ సంఘం ఆడవాళ్ళకు చెప్పింది. వాళ్ళు ప్రార్థన కూడా చేశారు.

"నేను ఏమీ తినలేదు మే" అంది వదిన.

నేను అరుగు మీద కూర్చున్నాను. కాళ్ళు చాపుకున్నాను. సిగ్నల్ సరిగా లేదు వదినా, మళ్ళీ చెప్పు అన్నాను. మళ్ళీ చెప్పింది. వినపడలేదన్నాను. మూడోసారి గట్టిగా, ఏడుస్తూ చెప్పింది. నా ఫోనులో సిగ్నల్ ఆ రోజు దివ్యంగా ఉంది. మూడుసార్లు అడిగించుకోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు కూడా తెలియాలి కదా.

తర్వాత తెలిసింది చెప్పాను, అంతవరకు నేను మనిషినే. ఆ మాత్రల అట్టలు పట్టుకొని కడపలో పెద్ద డాక్టరు దగ్గరికి పో, అవి స్టెరాయిడ్ అయి ఉంటాయి, నీ అంతట నువ్వు ఉన్నపళంగా ఆపొద్దు, అది కూడా ప్రమాదమే అన్నాను. కడప డాక్టరు అదే చెప్పి, మాత్రలు మెల్లమెల్లగా తగ్గించే ఏర్పాటు చేశాడు. వదిన ఇంటికొచ్చి కోడలికి చెప్పింది. కోడలు ఏమందో వదిన నాకు ఫోనులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. డాక్టర్లు అట్లనే అంటారులే అందట.

వదిన కోరింది ఒకటే. నేను వేంపల్లెకు వచ్చి, వాళ్ళ కూడికలో లేచి, ఈ మాత్రలు ఇట్లా చేస్తాయి, నాకూ ఇట్లే అయింది అని సాక్ష్యం చెప్పాలి. నువ్వు చెప్తే నమ్ముతారు మే, నువ్వు అనుభవించినదానివి అంది. వస్తానన్నాను.

"ముందర నువ్వు రా వదినా. నా పేరు యాడ ఎత్తి ప్రార్థన చేస్తివో, ఆడికి."

ఈ ఆదివారానికి వస్తానంది.

శనివారం సాయంత్రం బస్సులో దిగింది. మా ఆయన ఎందుకొచ్చావక్కా అని అడిగితే ప్రార్థనకు అంది. ఆదివారం మందిరంలో ఆమె ముందుకు వెళ్ళినప్పుడు అయ్యగారు కుర్చీ వేయించారు, మోకాళ్ళు బాగాలేవు కదమ్మా, కూర్చొనే చేయండి అన్నారు. వదిన నా వైపు చూసింది. ఆమె కుర్చీ పక్కకు జరిపి, ఒక చేయి నేల మీద ఆనించి, మోకరించింది.

పంటలు, వానలు అయ్యాయి. తర్వాత, మా మరదలి విషయంలో తెలిసీ తెలియక ఏమన్నా పొరపాటు చేసి ఉంటే క్షమించు ప్రభువా అంది. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత నా కోసం ఆగారు.

నేను అనలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు, చెబితేనే పోతుంది, ఏమన్నా, ఉంటే, తెలిసీ తెలియక అంటే పోదు. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. నేను కదల్లేదు.

వదిన మళ్ళీ మొదలుపెట్టింది. ఆ షుగరు మందులదే, ఆమె దొంగతనంగా తినలేదు ప్రభువా అంది. ఆడవాళ్ళ వైపు తలలు తిరిగాయి. నాకు ఓళిగలు వడ్డించని ఆమె కళ్ళు తెరిచింది. ఈ మాట కోసం రెండేళ్ళు ఎదురుచూశాను, ఇది వినగానే కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. ఆమెన్ నాలుక మీదికి వచ్చింది, నేను పళ్ళు బిగించాను.

వదిన మోకాలు వణుకుతోంది. నేలకు ఆనించిన చేయి మార్చుకుంది. చెమటలు పట్టాయి. ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. నేను ఆ కన్నులోకే చూస్తూ కూర్చున్నాను. ఏమి చెప్పాలో ఆమెకు తెలుసు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. కన్ను మూసుకుంది. ఈసారి గొంతు ప్రార్థన గొంతు కాదు, మామూలు మనిషి గొంతు.

"ఆ పొద్దు ఆమె ప్రాణం పోతాంటే బెల్లం అడిగింది ప్రభువా. మూడు తూర్లు అడిగింది. నేను ఇయ్యలేదు."

"ఆమెన్" అన్నాను. వీధిలోకి వినపడేటట్లు అన్నాను.

లేచి వెళ్ళి ఆమెకు చేయి అందించాను. ఆమె బరువంతా నా మీద వేసి లేచింది. మర్నాడు బస్సులో వేంపల్లెకు పోయి, చెప్పాల్సిన సాక్ష్యం ఉన్నది ఉన్నట్లు చెప్పి, కోడలి చేతిలోని తాళంచెవి ఇప్పించి వచ్చాను. మాట మాటే.

కానీ ఆ ఆదివారం, నేను వదినను లేపుతున్నప్పుడు, మగవాళ్ళ వైపు నుంచి ఒక ఆమెన్ ఆలస్యంగా, మెల్లగా వినిపించింది. గొంతు గుర్తుపట్టాను. తల తిప్పి చూడలేదు. ఆయన మోకరించే వంతు ఇంకా రాలేదు. ఆయన మోకాళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి.